పిలవని చేలో కోత

రేగళ్ళపాలెం,
సత్తెనపల్లి దగ్గర,
3 ఫిబ్రవరి 2002.

పొన్నూరు పురవాసిని, మా నాన్నకి ఏకైక అక్కగారు, నాకు ఏకైక మేనత్తగారు అయిన రాఘవమ్మగారి పాదపద్మములకు,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరంలో రాబోయే అక్షరదోషాలకీ, అతిశయోక్తులకీ, నీ మనసు నొప్పించే మాటలకీ, నొప్పించాలని ఉండి కూడా రాయలేకపోయిన మాటలకీ, బి.కాం. పాసయిన వంశోద్ధారకుడు స్టాంపు వంకరగా అంటించినందుకూ శిరస్సు వంచి, రెండు చెవులూ పట్టుకుని క్షమాపణ వేడుకుంటున్నాను. వీటిలో ఒక్కదానికీ నేను నిజంగా బాధపడటం లేదు. కానీ నాలుగేళ్ళుగా మాటల్లేని ఇంటి నుంచి ఉత్తరం వచ్చినప్పుడు ఎవరో ఒకరు క్షమాపణ చెప్పాలి. ఆ పని మా నాన్న చెయ్యడు. అందుకని ఇంటిల్లిపాది తరఫునా నేను కానిచ్చేశాను.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుదరటం లేదు. మా వైపు కుశలం ప్రస్తుతం గుంటూరు ఆసుపత్రిలో మంచం మీద పడుకుని ఉంది. పోయిన నెల పత్తికట్టె తోలుతుంటే ఎడ్లు బెదిరి, చక్రం నాన్న కుడికాలి మీదుగా పోయింది. కాల్లో ఇనపకడ్డీ వేశారు. అమ్మ అక్కడే ఉంది. ఇక్కడ నేనూ, ఇంటరు చదివే చెల్లి శ్రీదివ్యా, మూడెకరాల కౌలు మిరపచేనూ ఉన్నాం. మా ముగ్గురిలో బాగా ఉన్నది చేను ఒక్కటే. కాయ విరగకాసింది. ఎర్రగా పండి చెట్టు మీదే ఉంది. కోసే దిక్కు లేదు.

కూలి ముఠాలు ఏ రోజు డబ్బు ఆ రోజు అడుగుతాయి. తప్పు లేదు, వాళ్ళూ తినాలి. మా ఇంట్లో ఉన్నదంతా నాన్న కాల్లోకి పోయింది. పురుగుమందుల దుకాణం ఆయన మొన్న వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చాలా మర్యాదగా చెప్పాడు. "ఉగాది లోపల కాయ గుంటూరు మిర్చి యార్డుకి తోలి బాకీ కట్టండి. లేదా ఆ సొంత ఎకరం రాసిచ్చెయ్యండి. నాకూ పైన కంపెనీవాళ్ళు ఉన్నారు బాబూ." సొంత ఎకరం సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మీ నాన్న మిగిల్చింది అదొక్కటే.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. మా ఊరి ఎస్టీడీ బూతులో ఒకడు మాట్లాడితే పదిమంది వింటారు. వినపడనివాళ్ళకి మిగతావాళ్ళు చెబుతారు.

నిన్ను డబ్బు అడగటం లేదు. అడిగానని తెలిస్తే నాన్న రెండో కాలు కూడా విరిగినట్టు బాధపడతాడు. ఈ కాయ చెట్టు దిగే మార్గం ఏదన్నా ఉంటే చెప్పు.

ఇట్లు, నీ మేనల్లుడు,
త్రినాథ్

~

పొన్నూరు,
9 ఫిబ్రవరి.

చి. త్రినాథ్‌ని మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం సగం చదివితే గానీ సంగతి తెలియలేదు. కాలు విరిగిందన్న ముక్క మొదట రాయాలిరా. పాదపద్మాలు తర్వాత చూసుకోవచ్చు. రాయటానికి నీకేం, ఇక్కడ చదివేదానికి గుండె జారిపోయింది.

వాడు అన్నం తింటున్నాడా? జ్వరం తగులుతోందా? డాక్టరు ఎప్పుడు పంపిస్తానన్నాడు? ఇవేవీ రాయలేదు. నేను అడిగానని మాత్రం వాడికి చెప్పొద్దు.

పత్తి పోయిన ఏడు నేను బియ్యం బస్తాలు వేసుకుని మీ ఊరు వచ్చాను. అప్పుడు నువ్వు సత్తెనపల్లి హాస్టల్లో ఉన్నావు. మీ నాన్న వీధిలోనే లారీకి అడ్డం నిలబడ్డాడు. "నేనింకా బతికే ఉన్నానక్కా" అన్నాడు. ఒక్క బస్తా దించనివ్వలేదు. ఆ లారీలోనే, ఆ బస్తాల మీదే కూర్చుని తిరిగి వచ్చాను. ఇక ఆ గడప తొక్కనని అప్పుడే అనుకున్నా. తొక్కను కూడా.

ఇంక కాయ. నువ్వు చేలోకి దిగావా, గట్టు మీద నిలబడి కవిత్వం చెబుతున్నావా? తొడిమతో కోస్తున్నావా? తొడిమ ఊడితే ధర రాదు. చేతులకి ఆముదం రాసుకో. కళ్ళు నలుపుకోకు. ఊళ్ళోవాళ్ళు ఏమంటున్నారు? అది రాయి. ఉపమానాలు లేకుండా రాయి.

మీ అత్త,
రాఘవమ్మ

~

రేగళ్ళపాలెం,
16 ఫిబ్రవరి.

అత్తకి నమస్కారాలు.

అన్నం తింటున్నాడు. జ్వరం లేదు. నర్సుతో పోట్లాడుతున్నాడు. మార్చి చివరికి పంపిస్తారట. ఇవి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

చేలోకి దిగాను. నేనూ శ్రీదివ్యా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోస్తే మూడు సాళ్ళు అవుతున్నాయి. మేం ఈ చివర ముగించేసరికి ఆ చివర కాయ పండి రాలిపోతుంది. కాబట్టి మేధావులు చేసే పని చేశాను. స్నేహితుల్ని పిలిచాను.

కాలేజీలో నాతో చదివిన నలుగురు సత్తెనపల్లి నుంచి వచ్చారు, నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని. శ్రీకృష్ణ అనేవాడు కామర్సులో కాలేజీ ఫస్టు. వాడు పండుకాయ, పచ్చికాయ, పూత, పిందె అన్నిటినీ సమదృష్టితో కోశాడు. రెండు చోట్ల కొమ్మలతో సహా కోశాడు. మధ్యాహ్నానికి ఒకడు కన్ను నలుపుకున్నాడు. వాణ్ణి చూసి నవ్వి నవ్వి ఇంకొకడు కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నలుగురూ బోరింగు దగ్గరే ఉన్నారు. సాయంత్రం బస్సెక్కించి వచ్చాక శ్రీదివ్య అంది, "అన్నయ్యా, వాళ్ళు కోసిన కాయ కంటే తిన్న అన్నం ఎక్కువ బరువు."

ఊరి సంగతి అడిగావు. అదే నాకు అర్థం కావటం లేదు. ఎవరింట్లో ఏ అవసరం వచ్చినా నాన్న ముందుండేవాడు. పూడిక తీతలకి వెళ్ళాడు, పందిళ్ళు వేశాడు, ఒంట్లో బాగోలేనివాళ్ళ చేలు దున్నిపెట్టాడు. ఇప్పుడు ఒక్కళ్ళూ కదలటం లేదు. మన పక్క చేను యలమందయ్య బాబాయి రోజూ గట్టు దాకా వస్తాడు.

"కాయ రాలుతోందిరా."

"అవును బాబాయ్."

"మబ్బు కూడా పట్టేట్టుంది ఈ వారం."

"అవును బాబాయ్."

"మీ నాన్న ఏమన్నా చెప్పి పంపాడా?"

"ఏం చెప్పాలి బాబాయ్?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏంలేదులే" అని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ అదే అడిగాడు. ఇలా వచ్చి చూసిపోయేవాళ్ళు రోజుకి నలుగురైదుగురు ఉన్నారు. మన చేను ప్రదర్శనశాల అయింది, టిక్కెట్టు పెట్టడమే తరువాయి.

నిన్న గుంటూరు వెళ్ళి, ఊళ్ళోవాళ్ళని సాయం పిలుద్దామా అని నాన్నని అడిగాను. మంచం మీద నుంచి లేవలేని మనిషి గొంతు వార్డంతా వినపడింది. "ఎవర్నీ పిలవటానికి వీల్లేదు. ఎకరం పోతే పోనీ. నువ్వు పిలిచావని తెలిసిందా, నేను ఆ ఇంటికి రాను." పక్క మంచం ఆయన జడుసుకుని, అప్పటిదాకా వద్దని మారాం చేస్తున్న మందుబిళ్ళలు తనంతట తనే మింగేశాడు.

నవ్వించాలని రాశాను గానీ అత్తా, నాకు భయంగా ఉంది. ఎకరం పోతే నాన్న మంచం దిగడు.

త్రినాథ్

~

పొన్నూరు,
21 ఫిబ్రవరి.

ఒరేయ్ త్రినాథూ,

యలమందయ్య అడిగింది నీకు అర్థం కాలేదు. బి.కాం.లో అది చెప్పరేమో. నేను చెబుతాను, విను.

మన ఊళ్ళో కష్టమొచ్చినవాడి చేలోకి ఊరంతా దిగుతుంది. కాని పిలవాలి. ఇంటి యజమాని మాటగా పిలవాలి. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి చెప్పాలి. పిలవకుండా ఒకడి చేలోకి దిగితే, "నీకు చేతకాదు, పక్కకి జరుగు" అని వాడి మొహం మీద అన్నట్టు లెక్క. అందుకని వాళ్ళు గట్టు దాకా వచ్చి ఆగిపోతున్నారు. కబురు వస్తుందేమోనని రోజూ వచ్చి అడుగుతున్నారు. నువ్వేమో ప్రదర్శనశాల అంటున్నావు.

మీ నాన్న అందరి చేలకీ వెళ్ళాడు. తన చేలోకి ఒక్కణ్ణీ పిలవలేదు. వాడు అది మర్యాద అనుకుంటున్నాడు. వాళ్ళు పొగరు అనుకుంటున్నారు. మా చెయ్యి వీడికి పనికిరాదా, మేము తక్కువ తిన్నామా అని ఎన్నేళ్ళ నుంచో లోపల పెట్టుకుని ఉంటారు. నాకు తెలుసు. నాకూ అదే కోపం.

ఎందుకు పిలవడో కూడా రాస్తాను. రాయకూడదనే అనుకున్నా గానీ ఎకరం పోయాక ఈ మాట దాచుకుని ఏం చేసుకోను. మా చిన్నప్పుడు ఒక ఏడు మా నాన్నకి జబ్బు చేసి, జొన్న కోతకి ఊరిని పిలిచాడు. పిలిచినవాళ్ళకి మధ్యాహ్నం అన్నం పెట్టటం ఆనవాయితీ. ఇంట్లో గింజ లేదు. అప్పు తెస్తానని వెళ్ళిన మనిషి ఉత్త చేతుల్తో వచ్చాడు. వాళ్ళు పనంతా చేసి, కుండలో నీళ్ళు తాగి, ఒక్క మాట అనకుండా ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. తిట్టిపోసినా బాగుండేదిరా. మీ నాన్నకి అప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. నీళ్ళ గాబు వెనక కూర్చుని ఏడుస్తుంటే నేనే ఎత్తుకొచ్చాను. ఆ తర్వాత వాడు పెళ్ళి భోజనానికి తప్ప ఎవర్నీ దేనికీ పిలిచి ఎరుగడు.

బియ్యం, కందిపప్పు పంపుతున్నాను. మా బియ్యం మిల్లు నుంచి మాచర్ల వైపు లారీ తోలే హుస్సేన్ సాహెబ్ మీ ఊరి రోడ్డు మీద దించి పోతాడు. ఇది మీ నాన్నకి కాదు. మీ చేలో వంగి పనిచేసేవాళ్ళకి. కాబట్టి తిప్పి పంపే హక్కు వాడికి లేదు. వాడి నోటి నుంచి పిలుపు ఎలా తెప్పిస్తావో నీ ఇష్టం. నీకు నోరుందిగా, ఇన్నాళ్ళూ అది దేనికీ పనికిరాలేదు.

రాఘవమ్మ

~

రేగళ్ళపాలెం,
4 మార్చి.

అత్తా,

కాయ చెట్టు దిగింది. నువ్వు చెప్పినట్టే మొదటి ముక్కలో రాశాను.

ఇక నా పద్ధతిలో రాస్తాను. బుధవారం పొద్దున నేను చేలోకి వెళ్ళేసరికి గట్టంతా రంగురంగుల చీరలు. కొంగులు నడుముకి దోపుకుని, తలకి గుడ్డలు చుట్టుకుని, రేగళ్ళపాలెం మహిళా సైన్యం సాళ్ళు పంచుకుంటోంది. యలమందయ్య బాబాయి అందరికంటే ముందు వచ్చాడు, భార్యనీ ఇద్దరు కోడళ్ళనీ వెంటబెట్టుకుని. నన్ను చూసి, "ఏరా, చేను గలవాడివి ఇప్పుడా రావటం?" అన్నాడు. ఆ గొంతులో అంత ఆనందం నేనెప్పుడూ వినలేదు. తిట్టడానికి హక్కు దొరికినట్టు తిట్టాడు.

నా పని అయితే చెప్పుకోదగ్గది కాదు. యలమందయ్య బాబాయి భార్య నా వెనక సాల్లో ఉంది. "ఏరా బి.కాం., ఇంకొక్క పచ్చికాయ కోశావంటే అది నీ కంట్లోనే పిండుతా" అంది. మధ్యాహ్నానికి నన్ను కోత నుంచి తప్పించి మంచినీళ్ళు మోసే శాఖకి బదిలీ చేశారు.

కూలి ముఠా మేస్త్రి జక్రయ్య దగ్గరికి ముందు రోజే వెళ్ళాను. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. "మా ఆడాళ్ళు రోజుకూలి మానుకుంటే పొయ్యి వెలగదు బాబూ. ఆదివారం ప్రార్థనయ్యాక పూట పని చేస్తారు. మా తమ్ముడు ఆదాం ఇల్లు అంటుకున్న రోజున మీ నాన్న పైకెక్కి కప్పు లాగాడు. అది మేం మర్చిపోలేదు, ఆయనకే గుర్తు చెయ్యటానికి సందు దొరకలేదు." అన్నట్టే ఆదివారం వచ్చారు. వాళ్ళు ఒక పూటలో చేసింది చూస్తే, మేమంతా అప్పటిదాకా చేసింది కోత కాదు, మిరపచెట్లకి నమస్కారాలు పెట్టటం అనిపించింది.

నీ బియ్యం, నీ పప్పు, దొడ్లో గోంగూర. రోజూ అందరికీ కడుపునిండా పెట్టాం. ఒక్కళ్ళు కూడా నీళ్ళు తాగి పోలేదు.

శనివారం ఒక ప్రమాదం జరిగింది. కల్లంలో ఎండబోసిన కాయ ఎర్ర తివాచీలా పరిచి ఉంది. మధ్యాహ్నం పల్నాడు వైపు నుంచి మబ్బు లేచింది. ఎండిన కాయ తడిస్తే తెల్లబడి తాలు అవుతుంది, తాలుకాయ ఎవడికీ అక్కర్లేదు. మా దగ్గర ఉన్న కప్పే పట్టాలు సగానికే సరిపోయాయి. చేలో ఉన్నవాళ్ళంతా కోత వదిలేసి కల్లం మీదకి పరిగెత్తారు. చేటలు, గంపలు, చీరకొంగులు, ఏది దొరికితే దానితో కాయ కుప్పకి తోశారు. సరిగ్గా అప్పుడే మాచర్ల నుంచి ఖాళీగా వస్తున్న హుస్సేన్ సాహెబ్ రోడ్డు మీద నుంచి ఈ పరుగులు చూశాడు. లారీ ఆపి, దాని మీద పట్టా విప్పి ఈడ్చుకొచ్చాడు. "కాయ తడిస్తే పోతుంది, లారీ తడిస్తే ఆరుతుంది, పట్టుకోండి ఆ కొస" అన్నాడు. ఒక వార కుప్ప తడిసింది. మిగతాదంతా నిలిచింది.

ఇంతకీ ఊరు ఎలా కదిలిందంటావు. మన ఊరి మనసు వెన్న అత్తా. ఎండకి కరిగింది.

త్రినాథ్

~

పొన్నూరు,
11 మార్చి.

త్రినాథూ,

కాయ దిగినందుకు సంతోషం. ఈ కార్డు ముక్క అందుకు కాదు.

ఊరి మనసు వెన్నయితే నెలరోజులు గట్టు మీద ఎందుకు ఆగింది? నేను ఆ ఊళ్ళో పుట్టాను. మీ నాన్న చెంచయ్య పిలిచి ఉంటే ఆ మాట నువ్వు పది పేజీలు రాసేవాడివి. పిలవలేదన్నమాట. మరి వాళ్ళు ఎలా వచ్చారు? ఏదో చేశావు.

నెలాఖరుకి వాడు ఇంటికి వస్తాడు. నలుగురూ పలకరించటానికి వస్తారు. అక్కడ వాడు "నేనెవర్నీ రమ్మనలేదే" అన్నాడనుకో, పిలవని చేలోకి దిగిన అవమానం వాళ్ళకి, అడుక్కున్న అవమానం వీడికి. అప్పుడు దక్కిన ఎకరం ఏం చేసుకుంటాడు? ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. నాకు నిద్ర పట్టటం లేదు. ఏం చేశావో రాయి.

రాఘవమ్మ

~

రేగళ్ళపాలెం,
5 ఏప్రిల్.

అత్తకి,

ఆలస్యం కావాలనే చేశాను. నాన్న ఇంటికి వచ్చేదాకా నీకు ఏం రాయాలో నాకూ తెలియదు.

కాయ యార్డుకి వెళ్ళింది. తడిసిన కుప్ప తాలు కింద పోయింది. మిగతాది మంచి ధరకే పోయింది. దుకాణం ఆయన బాకీ తీరింది. ఎకరం మనదే. వచ్చే ఏడు విత్తనానికి ఏం చెయ్యాలో తెలియదు గానీ, అది వచ్చే ఏడు ఏడుపు.

నాన్నని ఆదివారం తీసుకొచ్చాం. చంకకర్ర సాయంతో అరుగు ఎక్కి కూర్చున్నాడో లేదో, జనం రావటం మొదలైంది. నేను దారిలోనే సంగతంతా చెప్పేద్దామని గుంటూరు నుంచి అనుకుంటూనే ఉన్నాను. సత్తెనపల్లి దాటినా అనుకుంటూనే ఉన్నాను. ఊళ్ళోవాళ్ళు కాయ కోశారని మాత్రం అమ్మ చెప్పింది. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

యలమందయ్య బాబాయి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కాలెలా ఉంది చెంచయ్యా?"

"ఉంది."

"ఇన్నేళ్ళకి మా గడపకి కబురు పెట్టావు. నువ్వు రమ్మన్నావని మీవాడు చెబితే మా ఆవిడ నమ్మలేదు. 'చెంచయ్యన్న పిలవటమేంటి, ఈ కుర్రాడేదో వాగుతున్నాడు' అంది. నేనే కసిరాను. పిలవక ఏం చేస్తాడే, మనమేమన్నా పరాయివాళ్ళమా అని."

అరుగు మీద ఉన్నవాళ్ళంతా తలలూపారు. నాన్న నా వైపు చూశాడు. నేను దూలాలు చూశాను. మన ఇంటి దూలాలు చాలా మంచి కలప అత్తా, ఆ రోజే గమనించాను. వీధిలో గేదెలు పోతున్నాయి. లోపల అమ్మ గిన్నె కడగటం ఆపేసింది.

"పిలిస్తే వచ్చావు," అన్నాడు నాన్న మెల్లగా. "పిలవకపోతే గట్టు మీదే ఉండేవాడివి."

"మరి? పిలవని చేలోకి దొంగ దిగుతాడు గానీ నేను దిగుతానా?"

"నువ్వు దొంగకి తక్కువేం కాదులే. పోయినేడు మన చేల మధ్య గెనెం నా వైపు ఎంత లోపలికి జరిపావో చూడలేదనుకున్నావా?"

యలమందయ్య బాబాయి నవ్వాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. చంకకర్ర పక్కన పెట్టి, "అందరికీ అన్నం పెట్టారా?" అని అడిగాడు.

"పెట్టటమా? మా ఆవిడ రోజూ మారు వడ్డించుకుంది. అడుగు కావాలంటే."

"సరే," అని నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచాడు. దెబ్బ పడుతుందనుకుని కర్రకి అందనంత దూరంలో నిలబడ్డాను. "ఎల్లుండి నుంచి యలమందయ్య చేలో రెండో కోత. మనింటి నుంచి ఇద్దరు పోవాలి. పచ్చికాయ కొయ్యకు," అన్నాడు. ఆ పచ్చికాయ సంగతి ఆయనకి ఎవరు చేరవేశారో విచారణ జరుగుతోంది. తర్వాత, "బియ్యం ఎవరివి?" అన్నాడు. చెప్పాను. దెబ్బ ఇప్పుడు పడుతుందనుకున్నాను. ఆయన కాలు సర్దుకుని, ఎటో చూస్తూ, "మీ అత్తకి ఉత్తరం రాయి. నేను రమ్మన్నానని రాయి" అన్నాడు.

అందుకని రాస్తున్నాను. నాన్న నిన్ను రమ్మన్నాడు. నువ్వు నమ్మవని నాకు తెలుసు. నమ్మకుండా ఉండటానికి కారణం కూడా నీ చేతికి నేనే ఇస్తున్నాను.

బియ్యం నీవి. ఆడవాళ్ళకి బొట్టు పెట్టింది శ్రీదివ్య. పట్టా హుస్సేన్ సాహెబ్‌ది. కాయ కోసింది ఊరు. నేను కోసిన సాళ్ళని వాళ్ళు నాకు తెలియకుండా మళ్ళీ కోశారు. పథకాలు, వ్యూహాలు అని నేను ఊళ్ళో చెప్పుకుంటున్నవేవీ లేవు. నేను చేసింది ఒక్కటే. ప్రతి గడప ముందూ చేతులు కట్టుకుని నిలబడి, ఒక్క హాస్యమూ ఆడకుండా, "మా నాన్న మిమ్మల్ని రమ్మన్నాడు" అన్నాను.

అప్పటికి ఆయన ఎవర్నీ రమ్మనలేదు.

త్రినాథ్